తల్లీ, బిడ్డా, ఆయమ్మా - ఒక పరిశీలన

సాయంత్రం ఆరు గంటల వేళ. ఉద్యోగం నుంచి అప్పుడే వచ్చిన తల్లి చెప్పులు విప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని బిడ్డకోసం చేతులు చాస్తుంది. పొద్దుట్నుంచీ బిడ్డను కనిపెట్టుకుని ఉన్న ఆయమ్మ, ఇక ఇంటికి పోవాలి గనుక, పిల్లను అందించబోతుంది. ఎనిమిది నెలల ఆ పిల్ల తల్లివైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, ఆయమ్మ భుజంలో తల దాచుకుంటుంది. "అమ్మొచ్చింది, పో తల్లీ" అంటూ ఆయమ్మ నవ్వుతుంది. తల్లి కూడా నవ్వుతుంది. కాని ఆ రాత్రి ఆ తల్లికి నిద్ర పట్టదు.

ఇది పత్రికలకెక్కే విషయం కాదు. సభల్లో తీర్మానాలు చేసే విషయమూ కాదు. అయినా చదువుకుని ఉద్యోగం చేసే తల్లుల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ ఘట్టం దాటవలసినవాళ్ళే. ఈ సంచికను చదువుతున్న విద్యార్థినులలో చాలామంది రేపు ఉద్యోగాలు చేస్తారు, తల్లులవుతారు. విద్యార్థులు తండ్రులవుతారు. పరీక్షలో దీనిమీద ప్రశ్న రాదు, జీవితంలో మాత్రం వస్తుంది. అందుచేత ఈ విషయాన్ని కొంత శాస్త్రం తోడుతో, కొంత అనుభవం తోడుతో పరిశీలించడం ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మాట పాతది, ఏర్పాటు ఇంకా పాతది

'దాది' అనే మాట సంస్కృతంలోని 'ధాత్రి' నుంచి వచ్చింది. 'ఆయా' మాత్రం పోర్చుగీసువాళ్ళు మన దేశంలో వదిలిపోయిన మాటల్లో ఒకటి. దానికి మనవాళ్ళు అమ్మను చేర్చి 'ఆయమ్మ' చేసుకున్నారు. బిడ్డకు దాదిని ఎలా ఎంచుకోవాలో చరకసంహిత శారీరస్థానంలోనే ఉంది. ఆరోగ్యం, మంచి నడత, శుభ్రత, పిల్లలంటే ప్రేమ ఉన్న స్త్రీ కావాలన్నాడు శాస్త్రకారుడు. అంటే ఈ చింత నిన్న మొన్న పుట్టింది కాదన్నమాట.

పురాణాలకు వస్తే పెంచిన తల్లులకు కొదవ లేదు. కృష్ణుడికి యశోద, కర్ణుడికి రాధ, కుమారస్వామికి ఆరుగురు కృత్తికలు. మాయాదేవి పోయాక సిద్ధార్థుణ్ణి పెంచింది ఆమె చెల్లెలు మహాప్రజాపతి గౌతమి. వీళ్ళందరినీ మనం గౌరవంగా తలుచుకుంటాం. కాని ఒక్క సంగతి గమనించండి. యశోద ముద్దుమురిపాలు చెప్పుకున్నంతగా దేవకి దిగులు మనం చెప్పుకోము. కన్నతల్లి కడుపులో ఏముందన్న ప్రశ్న అప్పుడూ వెనకబడింది, ఇప్పుడూ వెనకబడే ఉంది.

మొన్నమొన్నటి దాకా మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకు అంతగా చోటు లేకపోయింది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళేది. బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేవారు, సాంబ్రాణి పొగ వేసేవారు, ఉయ్యాల ఊపేవారు, దిష్టి తీసేవారు, ఒక్కొక్క పనికీ ఒక్కొక్క మనిషి ఉండేది. బిడ్డ పది చేతుల్లో పెరిగేది. అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోయిందని తల్లికి అసూయ పుట్టేది కాదు. ఇప్పుడు రెండు గదుల అద్దె ఇంట్లో మొగుడూ పెళ్ళాం, ఒక బిడ్డ. అత్తగారిది ఒక ఊరు, అమ్మది ఇంకో ఊరు. పది చేతులు చెయ్యవలసిన పని చెయ్యడానికి ఒక్క ఆయమ్మ వస్తుంది. ఆమె మన మనిషి కాదు, జీతానికి వచ్చిన మనిషి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

భయాలు మూడు రకాలు

కొత్త తల్లి భయాలను ఒకే గంపలో వేసి "ఊరికే బెంగ పెట్టుకుంటుంది" అని కొట్టిపారెయ్యడం అలవాటు. విడదీసి చూస్తే అవి మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటిది క్షేమానికి సంబంధించినది. పడేస్తుందేమో, కొడుతుందేమో, ఏడవకుండా ఏమైనా మందు పెడుతుందేమో. ఈ భయం అర్థం లేనిది కాదు. 1920 ప్రాంతాల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు, బిడ్డను చూసేవాళ్ళు లేక, నల్లమందు మాత్ర వేసి నిద్రపుచ్చి పనికి పోయేవారని ఆనాటి ప్రభుత్వ నివేదికలే చెబుతున్నాయి. వాళ్ళు చెడ్డ తల్లులు కారు, దారి లేని తల్లులు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో శిశుసంరక్షణశాల ఉండాలని రాసింది ఇలాంటి అనుభవాల తర్వాతనే. ఈ భయానికి మందు జాగ్రత్త, విచారణ.

రెండవది లోకానికి సంబంధించినది. "కన్నదొకరు, పెంచేదొకరూనా?" అని పక్కింటావిడ అంటుంది. "మా రోజుల్లో ఇట్లా ఎరగం" అని పెద్దవాళ్ళంటారు. బిడ్డను ఆయాకు వదిలి ఆఫీసుకు ఎలా వెళ్తున్నావని తండ్రిని మాత్రం ఎవరూ అడగరు. బిడ్డ ఇద్దరిదీ, తప్పు మాత్రం ఒక్కరిది. ఈ భయానికి మందు తల్లి దగ్గర లేదు, ఇంట్లో మిగతావాళ్ళ దగ్గర, ముఖ్యంగా భర్త దగ్గర ఉంది. ఆయమ్మను మాట్లాడ్డం, పని చూపించడం, జీతం ఇవ్వడం, ఆమె రాని రోజున సెలవు పెట్టడం ఇవన్నీ ఇద్దరి పనులు అయితే ఈ రెండో భయం సగం తగ్గుతుంది.

మూడవది పైకి చెప్పుకోలేనిది. నా బిడ్డ నాకన్నా ఆమెనే ఎక్కువ ప్రేమిస్తుందేమో! ఇది పైకి చెబితే నవ్వుతారని తల్లి చెప్పదు. చెప్పకపోవడం చేత ఇది మొదటి భయం వేషం వేసుకుని వస్తుంది. "ఆమెకు శుభ్రం లేదండీ", "పాలసీసా సరిగా మరిగించదు", "పిల్లకు ఆవిడ యాస పట్టుబడుతోంది" ఇలా మాట్లాడిస్తుంది. నిజంగా శుభ్రం లేని ఆయమ్మలూ ఉంటారు, కాదనను. కాని ఏది అసలు భయం, ఏది వేషం వేసిన భయం అని తల్లి తనను తాను అడిగి తెలుసుకోవాలి. లేకపోతే మంచి మనిషిని పోగొట్టుకుంటుంది.

ఇక్కడే ఇంకో మాట. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం, దిగులుగా ఉండడం చాలామందికి ఉంటుంది, అదే పోతుంది. పోకుండా వారాల తరబడి ఉండి, నిద్రా తిండీ పోయి, తన మీదో బిడ్డ మీదో విరక్తి కలుగుతూ ఉంటే అది ఆయమ్మ సమస్య కాదు, జబ్బు. మన దేశంలో దాదాపు ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరికి ఇది వస్తున్నదని 2017లో ప్రచురితమైన సమీక్ష తేల్చింది. "బాలింత చాదస్తం" అని వదిలెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేసి కూడా మాట్లాడవచ్చు.

శాస్త్రం ఏమంటోంది?

బిడ్డకూ తల్లికీ ఉండే అనుబంధం మీద జాన్ బౌల్బీ అనే ఇంగ్లీషు వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఒక నివేదిక రాశాడు. తల్లి ప్రేమ కరువైన పిల్లల మనసులు దెబ్బతింటాయని అందులో చెప్పాడు. 1958లో అమెరికాలో హారీ హార్లో కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాలు కూడా దీనికి బలమిచ్చాయి. తీగతో చేసిన 'తల్లి' పాలిచ్చినా, పిల్లలు పాలివ్వని మెత్తటి గుడ్డ 'తల్లి'నే కరుచుకున్నాయి. ఇంకేం, తల్లి గడప దాటితే బిడ్డ పాడవుతుందని చాలామంది అర్థం చేసుకున్నారు.

కాని బౌల్బీ ఆధారపడినవి ఎక్కువగా అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో నెలల తరబడి తల్లి మొహం చూడని పిల్లల సంగతులు. సాయంత్రం ఆరింటికి తల్లి ఇంటికి వచ్చే పిల్లల సంగతి అది కాదు. మైకేల్ రట్టర్ 1972లో ఈ సిద్ధాంతాన్ని తిరగదోడి, తల్లి నుంచి కొంతసేపు ఎడబాటు వేరు, అసలు అనుబంధమే లేకపోవడం వేరు అని స్పష్టం చేశాడు.

అంతకుముందే 1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు గ్లాస్గో నగరంలో 60 మంది శిశువులను ఇళ్ళకు వెళ్ళి పరిశీలించారు. ఏడాదిన్నర వయసు వచ్చేసరికి ఒకే ఒక్క మనిషితో అనుబంధం ఉన్న పిల్లలు నూటికి 13 మందే. మిగతావాళ్ళకు తండ్రి, అమ్మమ్మ, అన్నయ్య, పక్కింటివాళ్ళు ఇలా ఇద్దరో ముగ్గురో అయిదుగురో. బిడ్డ మనసు రొట్టె ముక్క కాదు, ఒకరికి పెడితే ఇంకొకరికి తగ్గిపోవడానికి.

అమెరికాలో 1991లో మొదలుపెట్టి పది ప్రాంతాల్లో 1364 మంది పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. దాని ఫలితాలు 1997 నుంచి వెలువడ్డాయి. తల్లి కాక వేరే మనిషి చూసుకోవడం అనే ఒక్క కారణం చేతనే తల్లీబిడ్డల అనుబంధం చెడిపోవడం లేదని అందులో తేలింది. బిడ్డ ఏడుపునూ నవ్వునూ తల్లి ఎంత ఓపికగా అర్థం చేసుకుంటుందన్నదే ముఖ్యమట. అయితే తల్లికి ఆ ఓపిక తక్కువై, దానికితోడు బయటి సంరక్షణ నాసిరకంగా ఉన్నా, చూసే మనుషులు మారుతున్నా అనుబంధానికి ముప్పు పెరిగింది. ఈ చివరి మాటను బాగా గుర్తుంచుకోవాలి. ఆయమ్మ ఉండడం కన్నా ఆయమ్మలు మారుతూ ఉండడమే బిడ్డకు కష్టం.

బౌల్బీ జీవితంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. లండనులో ఒక సంపన్న కుటుంబంలో పుట్టిన ఆయన్ను చిన్నప్పుడు తల్లికన్నా ఎక్కువగా చూసుకున్నది మిన్నీ అనే దాది. ఆయనకు నాలుగేళ్ళ ప్రాంతంలో ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఆ బాధ తల్లిని పోగొట్టుకున్నంత బాధ అని ఆయన పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. తల్లి ప్రేమ గురించి లోకానికి పాఠం చెప్పిన మనిషి మనసులో ఉన్నది ఒక ఆయమ్మ.

ఆరో నెల చిక్కు

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగినులకు 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు అది 26 వారాలైంది. 50 మంది లేక అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణశాల ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చుననీ ఆ సవరణ చెప్పింది. తరువాత ఈ నిబంధనలను 2020 సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. మంచిదే. కాని లెక్క వేసి చూడండి. 26 వారాలంటే ఆరు నెలలు. సరిగ్గా ఆరు, ఎనిమిది నెలల మధ్యనే బిడ్డకు కొత్తవాళ్ళంటే భయం పుడుతుంది. అంతవరకూ ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల కొత్త మొహం చూస్తే గుక్కపెట్టి ఏడుస్తుంది. తల్లి గదిలోంచి కదిలితే బెంగ పెట్టుకుంటుంది. ఏడాది దాటేదాకా, కొందరికి ఏడాదిన్నర దాకా ఇది ఉంటుంది. ఇది చెడు గుర్తు కాదు, మనుషులను గుర్తుపట్టే తెలివి వచ్చిందని గుర్తు.

అంటే సెలవు అయిపోయిన రోజే ఆయమ్మను తెచ్చిపెడితే బిడ్డకు ఒకేసారి రెండు దెబ్బలు. తల్లి పోవడం ఒకటి, కొత్త మనిషి రావడం ఇంకొకటి. అందుచేత సెలవు ఇంకా నెలా నెలన్నర ఉండగానే ఆయమ్మను పెట్టుకోవాలి. మొదటి వారాల్లో ఇద్దరూ కలిసి బిడ్డ పని చెయ్యాలి. తల్లి ఒళ్ళో కూర్చుని ఆయమ్మను చూడాలి బిడ్డ. ఆ తర్వాత గంట, రెండు గంటలు, ఒక పూట, ఇలా అలవాటు చెయ్యాలి. ఒక నెల జీతం ఎక్కువవుతుందని లెక్క చూసుకునేవాళ్ళకు ఆ నెల అన్నిటికన్నా చవక అని మనవి.

ఒక స్వానుభవం

మొదట చెప్పిన దృశ్యంలో తల్లిని నేనే. ఇందాక చెప్పిన లెక్కలు అప్పటికి నేను చదివి ఉన్నాను, క్లాసులో పాఠంగా చెప్పి ఉన్నాను కూడా. మా పాప అలా మొహం తిప్పుకున్న పదిహేను రోజుల్లో నేను ఆయమ్మను మానిపించేశాను. గిన్నెలు సరిగా తోమలేదనీ, మధ్యాహ్నం టీవీ పెట్టిందనీ కారణాలు చెప్పాను. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పాప గౌన్లు మడత పెట్టేసి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మా పాప పొద్దున ఎనిమిదిన్నర అయ్యేసరికి పాకుతూ వీధి తలుపు దగ్గరకు వెళ్ళి కూర్చునేది. ఆమె వచ్చే వేళ అది. నాలుగు రోజులు సరిగా తిండి తినలేదు. నేనెత్తుకుంటే ఊరుకునేది, దింపితే మళ్ళీ తలుపు దగ్గరకే. నేను గెలిచాననుకున్నది పాప దృష్టిలో ఒక మనిషి పోవడం. మావారు చూసి చూసి, "నీకు కోపం ఆవిడ మీదా, పాప మీదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అయిదో రోజు వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "పాప అన్నం తింటోందా అమ్మగారూ?" ఆ ఒంటిగదిలో రెండేళ్ళ పిల్లవాడు చాపమీద నిద్రపోతున్నాడు. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల. స్కూలు వేళకు ఇంట్లో ఎందుకుందని అడిగాను. "నేను పనికొస్తే తమ్ముణ్ణి ఇదే చూసుకుంటది. ఈ నాలుగు రోజులూ బడికి పొమ్మన్నాను, పాఠాలు అర్థం కావట్లేదని వచ్చేసింది" అంది. నా బిడ్డ నాకు దూరమవుతోందని నేను ఏడుస్తున్న నెలల్లో, ఆ పిల్ల చదువు నా బిడ్డకోసం ఆగిపోయిందన్న సంగతి నాకు తెలియదు. నేను అడగలేదు గనుక తెలియదు.

ఆమె మళ్ళీ వచ్చింది. పిల్లవాణ్ణి వెంట తెచ్చుకోమన్నాం, వాడూ మా ఇంట్లోనే ఆడుకునేవాడు. పెద్దపిల్ల బడికి వెళ్ళింది. మా పాప సాయంత్రాలు మొహం తిప్పుకోవడం కొన్నాళ్ళకు దానంతట అదే పోయింది. నేను రాగానే లాక్కోకుండా, పది నిముషాలు ముగ్గురం కలిసి కూర్చోవడం అలవాటు చేసుకున్నాం, అంతే. ఒక ఒళ్ళోంచి ఇంకో ఒళ్ళోకి మారడానికి బిడ్డకూ కాస్త వ్యవధి కావాలి మరి.

కొన్ని ఆచరణ సూత్రాలు

ఆయమ్మను పెట్టుకునే ముందు ఆమె ఇదివరకు చేసిన ఇంటికి వెళ్ళి స్వయంగా అడగాలి. ఇల్లెక్కడో చూడాలి. దగ్గులాంటి అంటుజబ్బులేవీ లేకుండా పరీక్ష చేయించి, ఆ ఖర్చు మనమే పెట్టుకోవాలి. బిడ్డ పని, ఇంటి పని రెండూ ఒక్కరి మీద వెయ్యకూడదు. గిన్నెలు తోముతూ ఉంటే బిడ్డను ఎవరు చూస్తారు?

చెప్పవలసినవి మొదటిరోజే స్పష్టంగా చెప్పాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప వేరేమీ వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. ఏడుపు మానడానికి ఏ మందూ తల్లినడగకుండా వెయ్యకూడదు. తల్లి పిండి ఉంచిన పాలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండాకాలంలో బయట అసలు ఉంచకపోవడమే మేలు.

అప్పుడప్పుడు చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికి రావచ్చు, తప్పులేదు. బిడ్డ ఒంటిమీద దెబ్బలు కనిపించినా, ఆమెను చూస్తే బిడ్డ బెదిరినా, పగలంతా మత్తుగా నిద్రపోతున్నా వెంటనే మానిపించాలి. దానికి సందేహించకూడదు. బిడ్డ ఆమెను చూసి చేతులు చాస్తే మాత్రం మానిపించకూడదు. ఎందుకంటే మనం జీతమిచ్చి కోరుకున్నది అదే.

ఆమెకూ ఒక బిడ్డ ఉంది

ఈ సమస్యలో తల్లులు ఇద్దరున్నారని మనం మరచిపోతాం. మనకు 26 వారాల సెలవు ఇచ్చిన చట్టం మన ఇంట్లో పనిచేసే స్త్రీ గడప దాకా రాదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది గాని దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నా వాటిలో పూర్వ ప్రాథమిక చదువు మూడేళ్ళు నిండినవాళ్ళకే. ఆలోగా ఆమె బిడ్డను ఎవరు చూడాలి? అక్క చూడాలి. అక్క బడి మానాలి.

మన కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ వెళ్ళి అక్కడి ఇళ్ళల్లో పిల్లలను పెంచుతున్నారు. వాళ్ళ పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర, ఫోనులో అమ్మను చూస్తూ పెరుగుతున్నారు. ఒక ఇంటి బిడ్డకు అందే ప్రేమ ఇంకో ఇంటి బిడ్డకు తగ్గడం అనే ఈ గొలుసు గురించి సామాజిక శాస్త్రవేత్తలు చాలా రాశారు. గొలుసులో మన ఇల్లు కూడా ఒక లింకే. దాన్ని మనం తెంపలేకపోవచ్చు. ఆయమ్మకు వారానికొక సెలవు, సరైన జీతం, జబ్బు చేసిన రోజున కోత లేకపోవడం, ఆమె బిడ్డ చదువు గురించి ఒక్క మాట అడగడం ఇవి మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.

ముగింపు

పుట్టిన మూడు రోజుల్లోపే పసిపిల్ల వేరే ఆడగొంతుల మధ్య తల్లి గొంతును గుర్తుపట్టి, దానివైపే మొగ్గు చూపుతుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ చేసిన ప్రయోగం రుజువు చేసింది. అంటే ఆయమ్మ మన గుమ్మం తొక్కడానికి ఎంతో ముందే బిడ్డ మనల్ని ఎరుగును. ఆ చోటు ఎవరూ తీసుకోరు, తీసుకోలేరు. బిడ్డకు ఆయమ్మ మాలిమి కావడం తల్లికి ఓటమి కాదు, తల్లి మంచి మనిషిని ఎంచుకున్నదనడానికి నిదర్శనం.

రేపు తల్లులు కాబోయే చెల్లెళ్ళు, తండ్రులు కాబోయే తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. మా పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. పండుగ రోజున కొత్త గౌను తొడుక్కుని మొదట నాకు చూపిస్తుంది, తర్వాత ఆయమ్మకు చూపించాలని పేచీ పెడుతుంది. ఇద్దరం కలిసే వెళ్తాం.